వాపస్ పోయిన ఆరు బస్తాలు

జంగమ్మ తాండూరులో ఒక పప్పు మిల్లులో పదిహేనేళ్లు పనిచేసింది. పెద్దేముల్ దగ్గరి పల్లె నుంచి రోజూ పదకొండు మంది ఆడవాళ్లు ఒకే ఆటోలో ఇరుక్కుని పోయేవాళ్లు. పప్పులోంచి రాళ్లూ పుచ్చులూ ఏరడం వాళ్ల పని. కందిగింజను పంటికింద పెట్టి కొరికితే చాలు, మిల్లులో పడ్డాక అది పప్పవుతుందో నూకవుతుందో జంగమ్మ చెప్పేసేది. సేటు కూడా సరుకు కొనేముందు ఆమెను పిలిచేవాడు.

ఒక ఏడాది మిల్లుకు రంగును బట్టి గింజల్ని వేరుచేసే మిషన్ వచ్చింది. ఆ వారంలోనే ఆడవాళ్లందరినీ ఇక రావద్దన్నారు. ఆ సాయంత్రం అందరూ అదే ఆటోలో తిరిగొచ్చారు. ఊరు దగ్గర పడుతుండగా జంగమ్మ అంది.

"కందులు మన ఊరియే. పని మనకొచ్చు. మనమే ఒక మిల్లు పెట్టుకుంటే ఏమైతది?"

"పిచ్చి గిట్ల లేచిందా అక్కా?" అని పక్కన ఇరుక్కుని కూర్చున్న నాగరాణి నవ్వింది. అందరూ నవ్వారు. జంగమ్మ నవ్వలేదు.

నవ్వినవాళ్లే తర్వాత ఒక్కొక్కరుగా సరేనన్నారు. మిల్లు పెట్టడానికి ఆడవాళ్ల సంఘం రిజిస్ట్రేషన్ కోసం ఆమె, పదో తరగతి చదివిన నాగరాణిని వెంటబెట్టుకుని వికారాబాద్‌కు ఏడుసార్లు తిరిగింది. ఒకసారి సంతకం తక్కువైందన్నారు, ఇంకోసారి ఫారం మారిందన్నారు. ఐదోసారి గుమస్తా "మీతోని మగోళ్లెవరు రాలేదా?" అని అడిగాడు.

"పప్పు ఏరేటప్పుడు గూడ రాలేదు సారూ," అంది జంగమ్మ.

ఏడోసారి కాగితం చేతికొచ్చింది. ఇరవై రెండు మంది సభ్యులు, ఒక చిన్న మిల్లు, ఊరి చివర రేకుల షెడ్డు. అధ్యక్షురాలు జంగమ్మ. సరిగా ఎండకపోతే పప్పు పాడవుతుంది కాబట్టి, అలాంటి కందులు ఎవరివైనా సరే తీసుకోవద్దని మొదటి మీటింగులోనే అందరూ చేతులెత్తి ఒప్పుకున్నారు.

ఆ ఏడు సరిగ్గా కోతలప్పుడే ముసురు పట్టింది. షెడ్డు తెరిచిన మూడోరోజు ట్రాక్టర్ మీద ఆరు బస్తాలు వచ్చాయి. తెచ్చింది జంగమ్మ భర్త వెంకటేశం. ఆయన వెనక ఇంకొందరు ఊరివాళ్లు బస్తాలతో నిలబడ్డారు. ఆమె ఒక బస్తా మూతి విప్పి గింజ కొరికింది. టక్కున విరగలేదు, మెత్తగా అణిగింది. రెండో బస్తాదీ అంతే.

"ఇంకా పచ్చిగున్నయి. మూడు రోజులు ఎండబెట్టి తే."

"గివి మన ఇంటి కందులు," అన్నాడు వెంకటేశం.

"అందుకే చెప్తున్న. మనయి తీస్కుంటే రేపు ఎవరియి వద్దంట?"

"నలుగుర్ల నా ఇజ్జత్ తీస్తవా?"

ఇరవై ఆరేళ్ల కాపురంలో పదిమందిలో జంగమ్మ ఆయన మాటకు ఎన్నడూ ఎదురు చెప్పలేదు. అయినా విప్పిన బస్తాల మూతులు తన చేత్తోనే మళ్లీ కట్టింది.

"తీస్కపో," అంది.

వెంకటేశం అటు నుంచి అటే తాండూరు పోయి, ఎవరో వ్యాపారికి ఆ కందులు అమ్మేశాడు.

వెనక వరసలో శ్యామల నిలబడి ఉంది. జంగమ్మకు చెల్లెలి వరస. తన కందులూ తడివేనని తెలిసే తెచ్చింది, అక్క అడ్డు చెప్పదులే అనుకుంది. అక్క సొంత ఇంటి బస్తాలే వెనక్కి పోవడం చూసి ఆమె తన బస్తాలు ఇంటికి తోలించి వాకిట్లో టార్పాలిన్ పట్టా మీద పరిచింది. ఆమెను చూసి మిగతావాళ్లూ అదే చేశారు. మిల్లు పది రోజులు ఆలస్యంగా మొదలైంది.

మిల్లు తిరగడం మొదలైనా వెంకటేశం కోపం దిగలేదు. ఒకసారి మిషన్ చప్పుడులో ఎవరికీ వినపడకుండా జంగమ్మ ఏడ్చింది. మొహం కడుక్కుని మళ్లీ జల్లెడ పట్టింది. మిల్లు మొదలైన ఐదోరోజు అన్నం తింటూ వెంకటేశమే మాట కదిపాడు.

"మీ మిషన్ బెల్టు లూజుగున్నట్టుంది. దారెంబడి పోతుంటే చప్పుడు ఇనొచ్చింది. రేపొచ్చి చూస్త."

"మావోళ్లని అడిగి చెప్త," అంది జంగమ్మ. కోపం తెచ్చుకోబోయి ఆయనే నవ్వేశాడు.

పప్పు పచ్చగా, విరగకుండా వచ్చింది. మొదటి సరుకు తీసుకున్న వికారాబాద్ హాస్టల్ మరుసటి నెల రెండింతలు అడిగింది. ఇప్పుడు సంఘంలో నలభై ఒక్క మంది ఉన్నారు. మొన్న కోట్‌పల్లి నుంచి తొమ్మిది మంది ఆడవాళ్లు వచ్చి, తామూ సంఘం పెడతామన్నారు. జంగమ్మ పొట్టు సులువుగా ఊడేందుకు కందులకు నూనె పట్టించడం దగ్గర్నుంచి అన్నీ చూపించి, అన్నం పెట్టి ఆటో ఎక్కించింది. వెంటనే కొంగు బిగించి షెడ్డులోకి నడిచింది. ఆ పూట ఇంకా పద్దెనిమిది బస్తాలు మిల్లు పట్టాలి.