సగం లాగిన బోల్టు

ఆ కాలేజీ రోజుల్లో, క్యాడెట్ ఖాకీ డ్రెస్సేసుకుని రాజమండ్రి వీధుల్లో నడుస్తుంటే దేశం మొత్తం నా భుజాలమీదే ఉందనిపించేదండి. (అసలు భుజానికి ఆనించాల్సిన తుపాకీ మాత్రం ఫైరింగు రోజుదాకా ఎవరూ నా చేతికివ్వలేదు.) మాది బంగారం కొట్టు. మా ఇంట్లో అన్నీ మెల్లిగానే. తక్కెడ మెల్లిగా, బీరువా మెల్లిగా, తలుపు మరీ మెల్లిగా. పొరపాటున తలుపు ధడేలుమందా, మా మామ్మ లోపల్నుంచే అందుకునేది: "ఓసి నీ దూకుడు తగలెయ్య! అలా తలుపులు బాదితే లక్ష్మీదేవి ఇంట్లో ఉంటుందటే?"

సరే, ఆ ఫైరింగు రోజు రానే వచ్చింది, షూటింగు టీముకి ఎంపిక కూడా ఆ రోజే. "టీములోకొస్తే సరే, లేకపోతే ఆదివారం పరేడ్లు మానేసి కొట్లో కూర్చోవాలమ్మా" అని నాన్నగారు ముందే చెప్పేశారు. బోర్లా పడుకుని, గురి చూసి నొక్కాను. ఠాప్! ఆహా అనుకుని, తూటా ఎక్కించే బోల్టు వెనక్కి లాగి, ముందుకి తోసి, దాని పిడి దించి మళ్ళీ నొక్కాను. టిక్. అంతే. మళ్ళీ లాగాను, తోశాను. టిక్. పక్కవాళ్ళంతా ఠపాఠపా కాల్చేస్తున్నారు, నాకేమో ఏడుపొక్కటే తక్కువ. కొట్లో నా కుర్చీ కళ్ళముందు కనబడిపోయింది. నేర్పినట్టే గొట్టం టార్గెట్ వైపే ఉంచి చెయ్యెత్తాను. "ఉస్తాద్‌గారండీ! ఇది పేలట్లేదండీ!"

ఉస్తాద్ అంటే మాకు తుపాకీ నేర్పే హవల్దారు. ఆయన గొంతుని బట్టి మేం పెట్టుకున్న పేరు పిడుగుగారు. వచ్చి బోల్టు ఒక్క లాగు లాగారు. ఖణేల్‌మని ఒక ఖాళీ తూటా కేసు ఎగిరి నా టోపీమీద పడింది. "చూశావా? ఇందాక కాల్చిందే ఇది. నువ్వు సగమే లాగుతున్నావు. ఖాళీది బయటికి పోవట్లేదు, మేగజీన్లో కొత్త తూటా పైకి రావట్లేదు. కాలిపోయినదాన్నే మళ్ళీ లోపలికి తోసి కొడితే ఏం పేలుతుంది? చివరికంటా లాగాలి!"

"విరిగిపోద్దేమోనండి..."

"నగలపెట్టె కాదమ్మా ఇది! మీ ఇంట్లో తలుపులు కూడా ఇలాగే వేస్తావా ఏంటి?"

"అవునండి. చప్పుడైతే మా మామ్మ తిడతారండి."

పిడుగుగారు మోకాళ్ళమీద వంగి, నేనెప్పుడూ వినని మెత్తని గొంతుతో అన్నారు: "మీ మామ్మగారు ఇక్కడ లేరు."

అటూ ఇటూ చూశాను. నిజమే! ఇక చూస్కోండి నా సామిరంగా, ఇన్నేళ్ళుగా మెల్లిగా వేసిన తలుపులన్నీ ఆ బోల్టుమీదే బాదేశాను. మిగిలిన తూటాలన్నీ టార్గెట్ మధ్యలోనే పడ్డాయి. టీములోకి తీసుకున్నారు. ఆ సంబరంలో ఇంటికొచ్చి వీధి తలుపు ధడేల్‌మని వేసి, మామ్మ చేత తిట్లు కూడా తిన్నాను.

ఇప్పుడు కొట్లో కూర్చునేది నేనే లెండి, నాకు నేనుగా. సాయంత్రం షట్టరు మాత్రం ఇంకెవర్నీ ముట్టుకోనివ్వను. ఒక్క లాగు, చివరికంటా. వీధంతా ఉలిక్కిపడుతుంది. (లక్ష్మీదేవి ఎక్కడికీ పోలేదు, పాపం అలవాటు పడ్డట్టుంది.) మామ్మ పోయి చాన్నాళ్ళయింది. అయినా తాళం వెయ్యబోతూ ఒక్క క్షణం ఆగుతాను, లోపల్నుంచి తిట్టు వినబడుతుందేమోనని.