ఆర్మీ బోటు ఎవరి మాట వినాలి?

2006 ఆగస్టు. గోదావరి ఏటిగట్టు దాటి ఊళ్లలోకి వచ్చేసిన రోజులు. నేనప్పుడు యానాం పక్కనే ఉన్న ఒక మండలంలో, తహసీల్దారు కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుని. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. కార్యాలయంలోకీ నీళ్లు రావడంతో ఫైళ్లని బీరువాల మీదకి, మమ్మల్ని హైస్కూల్లో పెట్టిన పునరావాస శిబిరానికి ఎక్కించారు. ఫైళ్లకే కొంచెం ఎక్కువ మర్యాద జరిగింది.

శిబిరానికి ఒక ఆర్మీ బోటు వచ్చింది. దానితో ఒక కెప్టెన్, కొందరు జవాన్లు. వాళ్లకి తెలుగు రాదు, మావాళ్లకి హిందీ రాదు. చిన్నప్పుడు హిందీ పరీక్షలు రెండు పాసయ్యానన్న నేరానికి నన్ను లైజన్‌గా వేశారు. లైజన్ అంటే సైన్యానికీ రెవెన్యూకీ మధ్య మాటలు మోసేవాడు. జీతం పెరగదు, గొంతు పోతుంది.

విపత్తులో సైన్యం ఇలా రావడాన్ని ‘ఎయిడ్ టు సివిల్ అథారిటీ’ అంటారు. కలెక్టరు గారు రిక్విజిషన్ పంపుతారు, అంటే సాయం కావాలని రాసి అడుగుతారు. వాళ్లొచ్చాక ఏ పని చేయాలో మేం చెప్పవచ్చు. దాన్ని టాస్క్ అంటారు. ఎలా చేయాలో మాత్రం వాళ్ల అధికారి చెబుతాడు. జవానుని ‘ఇటు రా’ అని శాసించే అధికారం తహసీల్దారుకి లేదు, కలెక్టరుకీ లేదు. ఈ సంగతి మా తహసీల్దారు రామలింగేశ్వరరావు గారికి ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినే మనిషి కాదు.

“బోటుని వెంటనే ఏటి మధ్య లంకకి పంపమను!” అని ఆయన అరిచేవారు. నేను కెప్టెన్ వైపు తిరిగి, “వీలైతే లంకవైపు ఒకసారి చూసి రాగలరా అని సారు అడుగుతున్నారు” అని హిందీలో చెప్పేవాణ్ని. కెప్టెన్ సంతోషంగా బయల్దేరేవాడు. “చూశావా, గట్టిగా చెబితేనే పనవుతుంది” అనేవారు సారు. ఇటు ఆజ్ఞగా ఎక్కిన మాట అటు విన్నపంగా దిగేది. అందరం సుఖంగా ఉన్నాం.

ఒక మధ్యాహ్నం పులిహోర పొట్లాలు పంచుతుండగా అరటి బోదెల తెప్ప మీద ఒకతను వచ్చి పడ్డాడు. ఒళ్లంతా బురద. పేరు నూకరాజు.

“బాబూ, మా బావని పాము కరిసేసిందండి. మేడ మీద పడుకోబెట్టేం. కాలు ఇంత లావు వాచిపోయిందండి. ఈ తెప్ప ఇద్దర్ని మొయ్యదండి.”

మా శిబిరంలో డాక్టరు గారున్నారు, పాము విషానికి ఇంజక్షన్లూ ఉన్నాయి. “తొందరగా తీసుకురండి. ఆలస్యమైతే నా చేతిలో ఏం ఉండదు” అన్నారాయన.

“ఏ ఊరయ్యా?” అన్నారు తహసీల్దారు గారు.

“అదిగోనండి, ఆ కనపడే పేటేనండి. యానాం వైపు.”

పేట మా హైస్కూలు మెట్ల మీంచి కనబడుతూనే ఉంది. కానీ మధ్యలో కాలవ, కాలవ అవతల పాండిచ్చేరి. కేంద్రపాలిత ప్రాంతం, వేరే ప్రభుత్వం. మామూలు రోజుల్లో మావాళ్లు చవక మందు సీసా కోసం పూటకోసారి దాటే హద్దుకి ఆ రోజు ఎక్కడలేని గౌరవం వచ్చేసింది.

యానాం బోట్లు అప్పటికే దూరంగా ఉన్న పేటలకి వెళ్లిపోయాయి. మిగిలింది మా దగ్గరున్న ఆర్మీ బోటు. “నాకిచ్చిన టాస్క్ ఈ మండలం వరకే” అన్నాడు కెప్టెన్. “అవతలికి వెళ్లాలంటే అక్కడి అధికారులు అడగాలి, లేదా మా కమాండింగ్ ఆఫీసర్ చెప్పాలి.” వైర్‌లెస్ సెట్టులో పిలుస్తూనే ఉన్నాడు. అటునుంచి గరగర తప్ప ఏమీ రాలేదు.

“మన పరిధి కాదయ్యా” అన్నారు తహసీల్దారు గారు నాతో. “రేపు ఏదైనా జరిగితే బోటు అక్కడికెందుకెళ్లిందని నన్నడుగుతారు.”

ఈలోపు పొట్లాలతో సహా జనం చుట్టూ చేరారు. రిటైరైన సోషల్ మాస్టారు సూర్యారావు గారు గొంతు సవరించుకున్నారు.

“సర్వసైన్యాధ్యక్షుడు ఎవరండీ? రాష్ట్రపతి! యానాం పాలన ఎవరి పేరు మీద నడుస్తుందండీ? రాష్ట్రపతి! అంటే ఆ బోటుకి ఇక్కడ తిరగడానికంటే అక్కడికెళ్లడానికే ఎక్కువ హక్కుంది.”

రేషన్ డీలరు వెంకన్న ఊరుకోలేదు. “అలాగైతే మాస్టారూ, రేపు ఢిల్లీ వాళ్లు ఈ బోటు ఇంకో రాష్ట్రానికి పట్టుకుపోతామంటే మనమేమైపోవాలండి? మన కలెక్టరు గారు అడిగితే వచ్చిన బోటండి ఇది. వరదొచ్చినప్పుడు సైన్యం రాష్ట్రం చేతిలోనే ఉండాలి.”

“ఎప్పుడుందయ్యా రాష్ట్రం చేతిలో? పోలీసు రాష్ట్రానిది, సైన్యం కేంద్రానిది. తొమ్మిదో క్లాసులో చెప్పాను నీకు!”

“చెప్పారండి. అందుకే తప్పాను.”

అందరూ నవ్వారు. నూకరాజు నవ్వలేదు. “ఆయ్, రాష్ట్రపతి గారికి ఫోన్ చెయ్యడం అవుద్దాండి?” అని అడిగాడు. నిజంగానే అడిగాడు.

మాస్టారి వాదనని నేను హిందీలో కెప్టెన్‌కి వినిపించాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. “రాష్ట్రపతికీ నాకూ మధ్య చాలామంది ఉన్నారు. వాళ్లలో ఒక్కరూ ఇప్పుడు లైన్లో లేరు” అన్నాడు. తర్వాత మెల్లగా, “ప్రాణం పోతుందని ఇక్కడి అధికారి తన బాధ్యత మీద సాయం అడిగితే, పై మాట కోసం ఆగకుండా నేను వెళ్లొచ్చు. కానీ ఎవరైనా అడగాలి కదా. ఇందాకటి నుంచీ అందరూ వాదిస్తున్నారు, ఎవరూ అడగలేదు” అన్నాడు.

ఆ మాటని తెలుగులో చెప్పేటప్పుడు మెత్తబరచలేదు. తహసీల్దారు గారు నూకరాజు కేసి చూశారు, కాలవ కేసి చూశారు. రిటైర్మెంటు దగ్గరపడ్డ మనిషి, టీ బిల్లు మీద కూడా చదవకుండా సంతకం పెట్టని మనిషి. చెప్పులు విడిచి, ప్యాంటు పైకి మడిచి, నీళ్లలోకి దిగి బోటు దగ్గరికి నడిచారు. తర్జుమాకి నేనూ వెనకాలే పరిగెత్తాను. నా అవసరం పడలేదు, వచ్చీరాని హిందీలో ఆయనే అడిగేశారు.

“సాబ్, ఆద్మీ మర్ జాయేగా. మేరా జిమ్మా. ప్లీజ్.”

మనిషి పోతాడు, పూచీ నాది. అంతే. సినిమాల్లోలా కెప్టెన్ సెల్యూట్ చేస్తాడేమో, గాలి వీస్తుందేమో అని చూశాను. ఆయన వెనక్కి తిరిగి మోటారు తాడు లాగమన్నాడు.

దారి చూపడానికి నూకరాజు, మాటలు మోయడానికి నేను ఎక్కాం. మేడ మీద అతని బావ సత్తిబాబు గోడకానుకుని ఉన్నాడు, కాలు నిజంగానే దుంగలా ఉంది. జవాన్లు అడుగు వేయనివ్వకుండా మోసుకొచ్చి బోటులో పడుకోబెట్టారు. అంత బాధలోనూ అతను కళ్లు తెరిచి, “ఇది ఏ గవర్నమెంటు బోటండి?” అన్నాడు.

ఏమంటున్నాడని కెప్టెన్ అడిగితే చెప్పాను. ఆయన నవ్వి, “ప్రస్తుతానికి అతనిదేనని చెప్పు” అన్నాడు.  ఆ మాటే సత్తిబాబు చెవి దగ్గర వంగి చెప్పాను.

“నాదైతే ముందు మా మేకని ఎక్కించండి” అన్నాడు సత్తిబాబు.

మేక ఎక్కింది. ఒడ్డుకి రాగానే సత్తిబాబుకి ఇంజక్షన్లు పడ్డాయి. వాపు తగ్గడానికి చాలా రోజులు పట్టినా మనిషి నిలబడ్డాడు. బోటు అవతలికెందుకెళ్లిందని తహసీల్దారు గారిని ఎవరూ అడగలేదు. సమాధానం చాలా బాగా తయారు చేసుకున్నారేమో, అడగనందుకు ఆయన కాస్త నొచ్చుకున్నారు కూడా.

విపత్తులో సైన్యం ఎవరి మాట వినాలన్నది పెద్ద ప్రశ్నే. మాస్టారూ వెంకన్నా చెరిసగం ఒప్పని నాకనిపిస్తుంది. నేను నేర్చుకున్నది అంతకంటే చిన్న విషయం. అధికారం ఎవరిదో తేల్చడానికి చాలామంది కావాలి, పూచీ తీసుకోవడానికి ఒక్కరు చాలు. ఆ తర్వాత ఏ వరద డ్యూటీకి వెళ్లినా ముందు ఆ ఒక్కరు ఎవరా అని వెతుకుతాను. ఎవరూ పలక్కపోతే ఆ మాట నేనే అనేస్తాను. ఇంతవరకు దానివల్ల ఉద్యోగం పోలేదు. ప్రమోషనూ రాలేదనుకోండి.