తోడల్లుడి షాపు, సూర్యారావు గారి ఎడమ చెయ్యి

2023లో వానలు మొదలైన రోజులు. రాజమండ్రిలో మెయిన్ రోడ్డు నుంచి లోపలికి తిరిగే సందులో, మేడ మీద నా కంప్యూటర్ షాపు. అప్పటికి పద్దెనిమిదేళ్ళుగా అదే గదిలో అసెంబుల్డ్ పీసీలు బిగిస్తున్నాను. అంటే కంపెనీ నుంచి సిద్ధంగా వచ్చేవి కావు. ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు విడివిడిగా తెప్పించి, కొనేవాళ్ళ అవసరాన్ని బట్టి ఒక క్యాబినెట్‌లో కూర్చి ఇచ్చేవి. తెర మీద బొమ్మను గీసే భాగం గ్రాఫిక్స్ కార్డు. ఆటల కోసం వచ్చేవాళ్ళు ముందు దాని గురించే అడుగుతారు.

నా షాపు నుంచి నడిచి ఐదు నిమిషాల దూరంలో, సరిగ్గా మెయిన్ రోడ్డు మీద, ఎనిమిదేళ్ళ కిందట తెరిచిన సురేష్ షాపు. సురేష్ నా భార్య లక్ష్మి చెల్లెలి భర్త, నా తోడల్లుడు. అతను గేమింగ్ కన్సోల్స్ అమ్ముతాడు. కన్సోల్ అంటే టీవీకి తగిలించుకుని, చేతిలో కంట్రోలర్ పట్టుకుని ఆడుకునే పెట్టె. విప్పి భాగాలు మార్చుకునే పనేమీ ఉండదు. కొన్నరోజే ఇంటికి తీసుకెళ్ళి ఆడుకోవచ్చు. అతని షాపుకు అద్దాల తలుపులు, లోపల ఏసీ, పెద్ద టీవీ, దాని ముందు ఎర్ర సోఫా. నా షాపులో రెండు ప్లాస్టిక్ కుర్చీలు.

దాచుకోవడం ఎందుకు, అతన్ని చూస్తే నాకు కడుపు మంట. తణుకులో మా అత్తవారింట్లో భోజనానికి కూర్చుంటే, మావగారు కొత్త ఫోన్ తీసుకుని నన్ను దాటుకుంటూ వెళ్ళి అతని పక్కన కూర్చునేవారు. కంప్యూటర్ డిప్లొమా నాది. ప్రశ్నలు అతనికి. అత్తగారు "మా చిన్నల్లుడిది ఎంత ఓపికో" అంటూ అతని విస్తట్లో ఇంకో పూతరేకు వేసేవారు. నాకూ వేసేవారు, కానీ ఆ మాట లేకుండా. పొద్దున్నే నా షట్టర్ ఎత్తకముందే ఫోన్ తీసి, అతని షాపు గురించి జనం ఏం రాశారో చదివేవాణ్ణి. ఎవరైనా ఒక్క స్టార్ ఇచ్చి తిట్టి ఉంటే ఆ రోజు కాఫీ రుచిగా ఉండేది.

"పొద్దున్నే వాళ్ళ షాపు గోల మీకెందుకండీ?" అని లక్ష్మి ఒకసారి విసుక్కుంది. వ్యాపారంలో పక్కవాళ్ళను గమనించాలని ఏదో సర్దిచెప్పాను.

అన్నిటికంటే భరించలేనిది, అతను నన్ను నోరారా "అన్నయ్యా" అని పిలవడం. అతను నా మీద ఒక్క మాట తూలి ఉంటే నా కోపానికో కారణం దొరికేది. అదీ దొరకనివ్వలేదు.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం దుర్గ అనే అమ్మాయి గొడుగు దులుపుకుంటూ మెట్లెక్కి వచ్చింది. పాతికేళ్ళుంటాయి. కడియంలో ఉంటున్నామనీ, అక్కడే స్కూల్లో టీచర్ననీ చెప్పింది.

"ఇంట్లో గేమ్స్ ఆడుకోడానికండి. కన్సోల్ మంచిదా, పీసీ మంచిదా అని అడుగుదామని వచ్చాను. మెయిన్ రోడ్డు మీద షాపులో కన్సోల్ చూశానండి. అక్కడ ఆయనేమో..."

'మెయిన్ రోడ్డు మీద షాపు' అన్న మాట చెవిన పడేసరికి మిగతాది నాకు వినబడలేదు.

"ఆయన కన్సోల్ అమ్ముతాడు కాబట్టి కన్సోలే మంచిదంటాడమ్మా," అని అడ్డుపడ్డాను. ఇక ఆగలేదు. పీసీలో ఆటలు తరచూ చవగ్గా దొరుకుతాయని చెప్పాను. నాలుగేళ్ళ తర్వాత గ్రాఫిక్స్ కార్డు ఒక్కటి మార్చుకుంటే చాలనీ, కన్సోల్ పాతబడితే మొత్తం పెట్టె మార్చాల్సిందేననీ చెప్పాను. స్కూలు పనికీ వాడుకోవచ్చని చెప్పాను. ఇందులో ఒక్కటీ అబద్ధం కాదు. పద్దెనిమిదేళ్ళ అనుభవంతో, ఒక్క అబద్ధం కూడా ఆడకుండా ఒక మనిషిని తప్పుదారి పట్టించగలనని ఆ రోజే చూపించాను.

"మా నాన్నగారితో కలిసి ఆడదామనండి. ఆయనకి..."

"నాన్నగారికీ పనికొస్తుందమ్మా. వార్తలు చూసుకుంటారు, పాత పాటలు వింటారు."

ఆమె గొడుగు మడుచుకుంటూ, "సరేనండి, మీకు తెలుసు కదా," అంది.

వారంలో మంచి పీసీ బిగించి, నేనే కడియం తీసుకెళ్ళి పెట్టి వచ్చాను. ఆమె చూపించిన గది వెనకవైపు ఉంది, బల్ల, కుర్చీ అక్కడే ఉన్నాయి. నాన్నగారు ఆసుపత్రికి వెళ్ళారని చెప్పింది. ఎందుకని నేను అడగలేదు. తిరుగుదారిలో వేమగిరి దగ్గర ఆగి టీ తాగుతూ, సురేష్ చేతిలోంచి ఒక బేరం లాక్కున్నానన్న సంతోషంతో మరో టీ కూడా చెప్పాను.

నెలన్నర తర్వాత దుర్గ ఫోన్ చేసింది. సిస్టమ్ ఆన్ కావడం లేదు. ఆదివారం పొద్దున వెళ్ళాను. ఈసారి ఆయన ఇంట్లోనే ఉన్నారు. హాల్లో, టీవీకి ఎదురుగా దివాన్ మీద దిళ్ళకు ఆనుకుని కూర్చున్నారు. అరవైకి దగ్గర, సన్నటి మనిషి. ఎడమ చెయ్యి ఒళ్ళో వాలిపోయి ఉంది.

"మా నాన్నగారండి, సూర్యారావు గారు," అంది దుర్గ. "పోయిన సంవత్సరం పక్షవాతం వచ్చింది. నడుస్తున్నారు గానీ ఎడం చెయ్యి ఇంకా స్వాధీనంలోకి రాలేదండి."

ఆ రోజు ఆసుపత్రికి వెళ్ళింది అందుకేనన్నమాట.

ఆయన మెల్లగా లేచి, కుడిచేత్తో గోడ పట్టుకుంటూ మాతో వెనక గదిలోకి వచ్చారు. నేను క్యాబినెట్ పక్కపలక తీశాను. పెద్ద సమస్య కాదు, ర్యామ్ తన గాడిలో వదులైంది. ర్యామ్ అంటే కంప్యూటర్ అప్పటికప్పుడు చేసే పనిని గుర్తుంచుకునే చిన్న పలక. రెండు చేతుల బొటనవేళ్ళతో క్లిప్పులు వదిలించి, తీసి, తుడిచి, మళ్ళీ రెండు వైపులా సమంగా నొక్కాను. టక్కుమని కూర్చుంది. ఆయన కళ్ళు నా చేతుల మీదే ఉన్నాయి.

"నేను నర్సరీలో అంట్లు కట్టేవాణ్ణండి," అన్నారు. "ముప్ఫై ఏళ్ళు. మామిడి, సపోటా, గులాబీ. కొమ్మ కోసి, చీల్చి, అతికించి, టేపు చుట్టేసరికి పక్కవాళ్ళు ఇంకా కత్తి తుడుచుకుంటూ ఉండేవారు. ఇప్పుడు ఎవరైనా రెండు చేతుల్తో ఏదైనా చేస్తుంటే నాకు కుళ్ళుగా ఉంటుందండి. ఏమీ అనుకోకండి. ఇప్పుడు మీ చేతులు చూస్తున్నా అలాగే ఉంది."

"నాన్నా, అదేం మాటండి?" అంది దుర్గ.

"ఉన్నమాటే కదమ్మా. నువ్వు ఆ మీటలన్నీ టకటకా కొడుతుంటే నీ మీద కూడా కుళ్ళే నాకు."

ఎనిమిదేళ్ళుగా నేను లక్ష్మి దగ్గర కూడా ఒప్పుకోని మాటను, ఈయన ముక్కూమొహం తెలియని మెకానిక్‌తో ఇంత తేలిగ్గా అనేశారు. పైగా ఆయన కుళ్ళుకు కారణం ఉంది.

అప్పుడు అడిగాను, నెలన్నర ముందు అడగాల్సిన ప్రశ్న. "ఇది ఎలా ఆడుతున్నారమ్మా మీరిద్దరూ?"

"ఆడట్లేదండి," అంది దుర్గ. "ఒక చేత్తో మౌసూ, ఇంకో చేత్తో కీబోర్డూ కావాలి కదా. నేను ఆడుతుంటే ఆయన పక్కన చూస్తూ కూర్చుంటారు. ఈ కుర్చీలో పావుగంట దాటితే నడుం పట్టేస్తుంది. మేం ఇదివరకు రోజూ సాయంత్రం క్యారమ్స్ ఆడేవాళ్ళం. ఒక్క రోజు కూడా నన్ను ఊరికే గెలవనిచ్చేవారు కాదు. పగలు నేను స్కూలుకీ, అమ్మ పనికీ వెళ్ళిపోతే ఆయన ఒక్కరే ఉంటారు. అందుకే కొన్నానండి."

నిజానికి పీసీకి కూడా కంట్రోలర్ పెట్టుకోవచ్చు, పీసీని టీవీకీ కలపవచ్చు. ఆ మాట చెప్పి, నాలుగు వైర్లు లాగి, నా బేరాన్ని నిలబెట్టుకుందామనే ఒక క్షణం అనిపించింది. కానీ పగలు ఆయన ఒంటరిగా ఉన్నప్పుడు ఏ అప్‌డేటో మధ్యలో వచ్చి తెర మీద ప్రశ్న అడిగితే లేచి మౌస్ వెతుక్కోవాలి. ఆయనకు కావలసింది దివాన్ మీద నుంచి కదలకుండా ఒక్క బటన్‌తో మొదలయ్యేది. అది నా షాపులో లేదు. ఎక్కడుందో నాకు తెలుసు.

ఆ సాయంత్రమే సురేష్ షాపుకు వెళ్ళాను. ప్రారంభోత్సవం తర్వాత ఆ గుమ్మం తొక్కడం అదే మొదటిసారి.

"రండి అన్నయ్యా, కూర్చోండి," అంటూ ఎర్ర సోఫా చూపించాడు. నేను నిలబడే విషయమంతా చెప్పాను. దుర్గ మాటకు అడ్డుపడ్డ సంగతి మాత్రం చెప్పలేదు.

"కడియం దుర్గ గారా?" అన్నాడు. "ఆవిడ ముందు నా దగ్గరికే వచ్చారన్నయ్యా. వాళ్ళ నాన్నగారి చెయ్యి సంగతి చెప్పారు. ఒంటిచేత్తో ఆడటానికి ఏది వీలో అప్పటికి నాకు సరిగ్గా తెలీదు. మా అన్నయ్యని కూడా అడగండి, నాకంటే ఆయనకే బాగా తెలుసు అని మీ దగ్గరికి పంపించాను. తర్వాత మీరు పీసీ ఇచ్చారని తెలిసింది. ఏదో ఆలోచించే ఇచ్చుంటారనుకున్నాను."

ఇప్పుడు కూర్చోక తప్పలేదు. ఆ అమ్మాయి ఆ రోజు 'ఆయనేమో' అంటుండగా నేను అడ్డుపడ్డ మాట ఇదన్నమాట. సిగ్గుపడ్డాను. ఆ సిగ్గు వెనకాలే, నమ్మండి, ఇంకో కుళ్ళు కూడా వచ్చింది. ఇన్నాళ్ళూ అతని షాపు మీదే అసూయ అనుకున్నాను. ఇప్పుడు అతని మంచితనం మీద కూడా.

"ఏమీ ఆలోచించలేదు తమ్ముడూ," అన్నాను. "ఆమె నోట నీ షాపు మాట విన్నాను. నీ దగ్గరికి వెళ్ళనివ్వకూడదని ఇచ్చాను."

అతను పక్కనున్న కంట్రోలర్ చేతిలోకి తీసుకున్నాడు. అతని మొహంలో నవ్వు లేదు. "మీకు నేనంటే పడదని మా ఆవిడ అంటూ ఉంటుంది. నేనే నమ్మలేదు," అన్నాడు. తర్వాత లేచి, "రేపు స్కూలు అయ్యాక వెళ్దామా కడియం?" అన్నాడు.

మర్నాడు ఇద్దరం వెళ్ళాం. దారంతా పెద్దగా మాట్లాడుకోలేదు. నేను పీసీ విప్పి నా పెట్టెలో సర్దుకున్నాను, వాళ్ళ డబ్బు వాళ్ళకు ఇచ్చేశాను. సురేష్ హాల్లో టీవీకి కన్సోల్ తగిలించి, కార్ల పందెం ఆట పెట్టి రీమ్యాపింగ్ చేశాడు. అంటే కంట్రోలర్‌లో ఏ మీట ఏ పని చేయాలో మార్చడం. కారును తిప్పే పుల్లలాంటి మీటను, వేగం పెంచే మీటను కుడిచేతి కిందికే తెచ్చాడు. బ్రేకు ఆటే చూసుకునేలా పెట్టాడు.

అయినా చిక్కు వచ్చింది. పట్టుకోవడానికి రెండో చెయ్యి లేక కంట్రోలర్ ఒళ్ళోంచి జారిపోతోంది. మేమిద్దరం దిండు పెట్టి చూశాం, తువ్వాలు చుట్టి చూశాం. సూర్యారావు గారు మా అవస్థ కాసేపు చూశారు.

"అమ్మా, ఆ క్యారమ్ బోర్డు మీద పెట్టిన చెక్కపలకా, నా అంట్ల టేపూ పట్రా," అన్నారు దుర్గతో. "ఒక చుట్టు ఏటవాలుగా, ఇంకోటి ఎదురుగా. లాగి చుట్టండి, సాగుతుంది. మీట మీదకి రానీకండి. ఆయ్, అదీ."

ఆయన చెబుతుంటే నేను పట్టుకున్నాను, సురేష్ చుట్టాడు. పలక ఒళ్ళో పెట్టుకుని కుడి అరచెయ్యి దాని మీద వేశారు. ఈసారి కదల్లేదు.

మొదటి పందెంలో ఆయన కారు మూడుసార్లు గోడకు గుద్దుకుంది. రెండో దాంట్లో దుర్గ కంటే బాగా వెనకబడ్డారు. మూడో దాంట్లో కొంచెం దగ్గరకు వచ్చేసరికి ఆమె కారు మలుపు దగ్గర నెమ్మదించింది. ఆయన వెంటనే ఆట ఆపేశారు.

"నువ్వు కావాలని తగ్గావు. నాకు ముష్టి వెయ్యకు. మళ్ళీ మొదట్నుంచీ పెట్టు."

దుర్గ ఏడుస్తూ నవ్వింది. మళ్ళీ పెట్టింది, ఈసారి చిత్తుగా ఓడించింది. ఆయన కూతుర్ని నోటికొచ్చినట్టు తిట్టి, "ఇంకొకటి," అన్నారు. మేం చెప్పులేసుకుంటున్నా మా వైపు చూడలేదు.

కన్సోలా, పీసీనా అని ఇప్పటికీ రోజూ అడుగుతుంటారు. నేను ముందుగా రెండింటి పేరూ ఎత్తను. ఎవరు ఆడతారు, ఎక్కడ కూర్చుని ఆడతారు, ఒక్కరా ఇద్దరా అని అడిగి, చెప్పేది పూర్తయ్యేదాకా నోరు మూసుకుంటాను. చదువుకీ పనికీ కూడా వాడుకుంటూ భాగాలు మార్చుకునే ఓపిక ఉన్నవాళ్ళకు పీసీ బిగిస్తాను. నలుగురూ హాల్లో కూర్చుని ఆడుకోవాలనుకునేవాళ్ళకు మెయిన్ రోడ్డు దారి చూపిస్తాను.

ఆ సంగతి జరిగాక మొదటిసారి అలా పంపింది ఒక కొత్త దంపతుల్ని. వాళ్ళ స్కూటర్ సందు చివర సురేష్ షాపు వైపు తిరిగేదాకా మెట్ల మీద నిలబడి చూశాను. కడుపులో మండింది. ఇప్పటికీ మండుతుంది. ఆ మంట చల్లారాక మంచివాణ్ణవుదామని కూర్చుంటే ఈ జన్మకు కుదరదని అర్థమై, మండుతుండగానే పంపిస్తున్నాను.