టెంటు గుంజ నుంచి ఎనిమిది అడుగులు

తెలంగాణ ఉద్యమం రోజుల్లో కోరుట్ల రోడ్డు మీద మా పక్కింటి దర్జీని లారీ గుద్ది చంపింది. పంచనామాకు సాక్షిగా పోలీసులు నన్ను పిలిచారు. ఆయన సైకిల్ తారు దిగి, మట్టి మీద పడి ఉంది. తప్పు లారీదేనని చెప్పడానికి ఆ జాగా ఒక్కటే ఆధారం.

హెడ్ కానిస్టేబుల్ తెల్లకాగితం మీద రోడ్డు గీసి, పక్కనున్న దీక్షా శిబిరం టెంటు గుంజ నుంచి సైకిల్ దాకా టేపు పట్టించాడు. గ్రంథాలయంలో నేర పరిశోధన పుస్తకం రెండుసార్లు చదివినవాణ్ని నేను. కదలని గుర్తులు రెండు చూసుకుని, వాటి నుంచే కొలవాలని అందులో ఉంది.

"సార్, టెంటు నుంచి గాదు. గా కరెంటు స్తంభం, గీ హోటల్ గోడ మూల నుంచి కొలువుండ్రి," అన్నాను.

"తెలంగాణ అచ్చేదాక గీ టెంటు యాడికి పోదు, లైబ్రరీ పంతులూ! నీకు నమ్మకం లేదా?" అన్నాడు హెడ్ కానిస్టేబుల్.

దీక్షలో కూర్చున్నవాళ్లంతా నవ్వారు. ఇంకా వాదిస్తే ఉద్యమానికి ఎదురు మాట్లాడినట్టు అవుతుందని సంతకం పెట్టాను.

ఎండలు ముదిరాక టెంటును రోడ్డు అవతలికి మార్చారు.

కోర్టులో లారీ తరఫు వకీలు, గుంజ తారు అంచుకు ఎంత దూరంలో ఉండేదని అడిగాడు. కాగితంలో అది లేదు. సైకిల్ మట్టి మీదే ఉందన్నాను. పక్కింటివాడివి, అట్లాగే చెప్తావన్నాడు. కేసు కొట్టేశారు.

బయట దర్జీ భార్య అడిగింది: "భయ్యా, మా ఆయన మట్టి మీదనే ఉన్నడని గా కాగితంల లేదా?"

కాగితంలో ఎనిమిది అడుగులని ఉంది. కింద నా సంతకం ఉంది.