నాలుగో తరగతి తప్పు

1999 జూన్‌లో మా వైద్య కళాశాల నన్ను వారానికి రెండు మధ్యాహ్నాలు మాదాపూర్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి పంపింది. అప్పుడు నేను అనాటమీ విభాగంలో అసిస్టెంట్ ప్రొఫెసర్ని. వైద్య విద్యార్థుల కోసం వాళ్లు తయారుచేస్తున్న సీడీలో తప్పులు పట్టడం నా పని. అక్కడ నా హోదా ‘డొమైన్ ఎక్స్‌పర్ట్’. అంటే మీటింగుల్లో బిస్కెట్లు తిని, చివర్లో సంతకం పెట్టే మనిషి.

నాకు అప్పగించిన భాగం పొట్ట, గజ్జల లింఫ్ వ్యవస్థ. శరీరంలో ఊరే ద్రవాన్ని సన్నటి నాళాలు లింఫ్ గ్రంథుల గుండా వడకట్టి తిరిగి రక్తంలో కలుపుతాయి. క్యాన్సర్ పాకేదీ తరచు ఈ దారినే. ఏ అవయవం ద్రవం ఏ గ్రంథికి చేరుతుందో తెర మీద బాణాలతో చూపాలి. ఇన్ని బాణాలు విడివిడిగా గీయడం దండగని ప్రోగ్రామర్ యాదగిరి ఒకే సూత్రం రాసేశాడు: ఏ అవయవానికి ఏ గ్రంథి దగ్గరుంటే బాణం అటే. పదిరోజుల పని ఒక్క పూటలో తేలిపోయిందని మేనేజర్ మూర్తిగారు అందరికీ సమోసాలు తెప్పించారు.

ఆ సూత్రం పుణ్యమా అని వృషణాల బాణం గజ్జల్లోకి పోయింది. నిజానికి వృషణాలు తల్లి కడుపులో ఉండగానే మూత్రపిండాల దగ్గర పుట్టి, తర్వాత కిందికి దిగుతాయి. కాపురం కిందైనా రాకపోకలు పుట్టింటితోనే. వాటి లింఫ్ పొట్ట వెనక, పెద్ద ధమని పక్కనున్న గ్రంథులకు చేరుతుంది. ఆ మాటే రాసిచ్చాను.

కంపెనీలో తప్పులకు నాలుగు తరగతులు. ప్రోగ్రాం ఆగిపోతే మొదటి తరగతి. రంగు తేడా వస్తే మూడో తరగతి. నేను పట్టిన తప్పు నాలుగో తరగతిలో, ‘సూచనలు’ కింద చేరింది.

“ప్రోగ్రాం ఎక్కడా పడిపోవట్లేదు కదండీ! తర్వాతి ఎడిషన్‌లో చూద్దామండి,” అన్నారు మూర్తిగారు మహా మర్యాదగా. మనిషి పడిపోతే ఏ తరగతో ఆ పట్టికలో లేదు. నేనూ పెద్ద పండితురాలిలా నిట్టూర్చి, వాళ్ల టీ తాగి, సంతకం పెట్టేశాను.

ఆగస్టులో ఒకరోజు మీటింగ్ అయ్యాక యాదగిరి ఒక్కడే ఆగాడు. మాదాపూర్‌లోనే పుట్టి పెరిగినవాడు, గలగలా మాట్లాడేవాడు. ఆ రోజు మాత్రం నేలచూపులు చూస్తున్నాడు.

“మేడమ్, మా దోస్తుకు కింద ఒక దిక్కు గడ్డలెక్క గట్టిగైంది,” అని, ఎక్కడో చేత్తో సైగ చేయబోయి సిగ్గుపడి ఆగిపోయాడు. “నొప్పి గిట్ల లేదు. గజ్జల్ల బిళ్లలు గూడ లేవు. మన సీడీల జూసినం. ఇగ ఫికర్ లేదు గద?”

నా సంతకం గుర్తొచ్చింది. రేపు పొద్దున దోస్తును దవాఖానకు తీసుకురమ్మన్నాను, డాక్టరుకు చూపించుకునే చీటీ మాత్రం ఒక్కరికే రాయిస్తానన్నాను. తలెత్తకుండా సరేనన్నాడు.

మర్నాడు ఒక్కడే వచ్చాడు. గజ్జలు నిక్షేపంగా ఉన్నాయి. పొట్ట స్కానింగులో మాత్రం ధమని పక్క గ్రంథులు ఉబ్బి కనిపించాయి. క్యాన్సరని తేలింది. వృషణం తీసేసి, నెలల తరబడి మందులు ఎక్కించారు. బతికాడు.

డిసెంబరులో నున్నటి గుండు మీద టోపీతో ఆఫీసుకొచ్చి, కూర్చోగానే నా పాత సూచన వెతికి దాన్ని మొదటి తరగతికి మార్చాడు. ప్రోగ్రాం ఆగలేదు కదా అని మూర్తిగారు అడ్డుపడ్డారు.

“ప్రోగ్రాం పడలే సార్. నేను పడిన,” అన్నాడు యాదగిరి. బాణం ఆ మధ్యాహ్నమే మారింది.

వృషణంలో గడ్డ ఉన్నవాడికి గజ్జలు బాగున్నాయని ధైర్యం చెప్పకూడదు, పొట్ట చూడాలి. అది నాకు ముందే తెలుసు, ఏటా పాఠం చెప్పేదాన్ని. తప్పని తెలిసిన కాగితం మీద సంతకం పెట్టకూడదన్నది మాత్రం మాదాపూర్‌లో నేర్చుకున్నాను. రిటైరయ్యేదాకా మళ్లీ పెట్టలేదు.