అవ్వ బాప్తిస్మానికి బిస్కెట్టంత లెన్సు

పోయిన ఆదివారం పొద్దున పులికాట్ సరస్సులో నా చేతులు రెండూ నీళ్లపైన ఉన్నాయి. మిగతా నేనంతా నీళ్ల కింద ఉన్నాను. చేతుల్లో ఉన్న కెమెరా నాది కాదు, మా ఓనర్ మస్తానన్నది. గట్టుమీద చర్చివాళ్లంతా చప్పట్లు కొడుతున్నారు. కరుణ కూడా కొట్టిందని తర్వాత తెలిసింది. అక్కడిదాకా ఎట్టా పోయానో మొదట్నుంచీ చెబుతా, మధ్యలో నవ్వొద్దు.

నేను సూళ్లూరుపేటలో మస్తానన్న స్టూడియోలో పనిచేస్తాను. ఇంటర్ మధ్యలో ఆపేసి చేరాను. పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరించడం, పెళ్లిళ్లలో లైటు పట్టుకుని నిలబడడం నా డ్యూటీ. కానీ మనసులో మాత్రం నేను ట్రావెల్ ఫోటోగ్రాఫర్ని. తీరిక దొరికితే ఫోన్లో వీడియోలు చూస్తుంటా. అందులో ఒక గడ్డమాయన మంచుకొండల్లో నడుస్తుంటాడు. మెళ్లో బుజ్జి కెమెరా, భుజాన శాలువా. "బరువు మోసేవాడికి అందం కనపడదు. ఒక చిన్న కెమెరా, ఒక చిన్న లెన్సు చాలు. జూమ్ ఎందుకు? కాళ్లున్నాయి కదా, దగ్గరికి నడవండి" అంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది. పాస్‌పోర్టు ఫోటోకి కూచున్నాయన గడ్డం ఎత్తమని చెప్పడం కూడా మర్చిపోతా.

స్టూడియోకి ఎదురుగా మెడికల్ షాపు. అందులో కరుణ పనిచేస్తుంది. మా చర్చిలో పాటలు పాడేది కూడా తనే. ఒకరోజు తనే రోడ్డు దాటుకుని మా స్టూడియోకి వచ్చింది. నేను చేతిలో ఉన్న గమ్ము సీసా ఎక్కడ పెట్టాలో తెలీక జేబులో పెట్టుకున్నా.

"సుధాకర్, మా అవ్వ వచ్చే ఆదివారం బాప్తిస్మం తీసుకుంటా ఉంది. నువ్వు ఫోటో తియ్యాల."

ఎస్తేరమ్మవ్వ అంటే మా పేటలో తెలియనివాళ్లు లేరు. సరస్సు పక్కనే పుట్టి పెరిగింది గానీ నీళ్లంటే భయం. చిన్నప్పుడెప్పుడో పడవలోంచి జారిపడిందంట. మా చర్చిలో బాప్తిస్మం అంటే సరస్సులోకి దిగి నిండా మునగాల్సిందే. అందుకని ఏళ్ల తరబడి "ఎండలు తగ్గనీ", "జలుబు తగ్గనీ" అని తప్పించుకుంటా వచ్చింది. ఇప్పటికి ఒప్పుకుంది.

"అవ్వకి సరైన ఫోటో ఒక్కటి కూడా లేదు" అంది కరుణ. "ఆధార్ కార్డులో చూస్తే ఎవర్నో తిడతా ఉన్నట్టుంటాది. నీళ్లలోంచి లేస్తాది చూడు, అప్పుడు ముఖం కనపడాల. ఒక్కసారే మునుగుతాదంట. ఫోటో కోసం ఇంకోసారి అంటే ఇంటికెళ్లిపోతానని ముందే చెప్పేసింది. నీ మీదే నమ్మకం పెట్టుకున్నా."

తల ఊపాను. జేబులో గమ్ము కారింది.

ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. ఏ కెమెరా, ఏ లెన్సు. మస్తానన్న దగ్గర పెళ్లిళ్ల కెమెరా ఒకటుంది, దానికి మోచెయ్యంత పొడుగు జూమ్ లెన్సు. ఇంకోటి చిన్న కెమెరా, దానికి రెండు లెన్సులు. ఒకటి మామూలు జూమ్. ఇంకోటి జూమ్ లేనిది, పల్చగా క్రీమ్ బిస్కెట్టంత ఉంటుంది. నాకేమో కళ్ల ముందు ఒకటే బొమ్మ. తెల్లచొక్కా, మెళ్లో బుజ్జి కెమెరా, సరస్సు గాలికి జుట్టు ఎగురుతూ నేను నడిచిపోతున్నాను. వెనక ఫ్లెమింగోలు గులాబిరంగు గీతలాగా నిలబడ్డాయి. కరుణ చూస్తోంది. ఈ బొమ్మలో మోచెయ్యంత లెన్సు ఎక్కడ పెట్టేది?

అయినా భయమే. అందుకని మూడు సెట్లూ ఇంటికి తీసుకుపోయి మా అమ్మ తక్కెడలో పెట్టి తూచాను. అమ్మ సంతలో ఎండుచేపలు అమ్ముతుంది. ఒక పళ్లెంలో కెమెరా, ఇంకో పళ్లెంలో ఎండుచేపలు. పెళ్లిళ్ల సెట్టుకి పెద్ద వంజరం ముక్కలు ఎన్ని వేసినా చాల్లేదు. బిస్కెట్ సెట్టు నాలుగు గుప్పిళ్ల నెత్తళ్లకే, ఆ వేలెడంత చేపలకే, పైకి లేచింది.

"ఏందిరా, అమ్మేస్తా ఉండావా దాన్ని?" అంది అమ్మ.

"లైట్‌వెయిట్ చూస్తున్నా అమ్మా, ట్రావెల్ ఫోటోగ్రఫీకి."

"ఏదన్నా చూసుకో. నెత్తళ్లు మాత్రం డబ్బాలో పెట్టేసి పో."

మస్తానన్న ఊరికే ఉంటాడా. "అబ్బయా, పెద్దది ఎత్తుకుపో" అన్నాడు. "అది బరువుగా ఎందుకుంటాదో తెలుసా? నువ్వు నడవాల్సిన దూరాన్ని అది మోస్తాది. ఈ బిస్కెట్ లెన్సులో దూరంగా ఉండే మనిషి చీమై పోతాడు."

"దగ్గరికి నడుస్తా అన్నా. కాళ్లున్నాయి కదా."

"ఎవడు చెప్పినాడు నీకు?"

గడ్డమాయన గురించి చెప్పలేదు. చివరికి అన్న ఆ చిన్న కెమెరా పట్టీయే నా మెళ్లో వేసి, "తడిసిందంటే మాత్రం నువ్వు కూడా ఇటు రావద్దు" అన్నాడు. ఆ మాట నవ్వుతా అన్నాడో నిజంగా అన్నాడో ఇంటికి పోయేదాకా ఆలోచించాను.

ఆదివారం వచ్చింది. బాప్తిస్మం తీసుకునేవాళ్లు తెల్లబట్టల్లో వరుసగా గట్టు దిగారు. చివర అవ్వ, తెల్లచీరలో, కరుణ చెయ్యి వదలకుండా. "అవ్వా, ఇంక నువ్వే పోవాల" అని కరుణ చెయ్యి విడిపించుకుంది. నన్ను చూసి తల ఊపింది. నేను గట్టు అంచున, తెల్లచొక్కాలో, గడ్డమాయన లాగే ఒక కాలు ముందుకు పెట్టి నిలబడ్డాను.

వాళ్లు నడుస్తున్నారు. నీళ్లు చీలమండ దాకా. ఇంకా నడుస్తున్నారు. మోకాలి కింది దాకా. ఇంకా పోతానే ఉన్నారు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. పులికాట్‌లో నడుము లోతు కావాలంటే ఊరవతలికి పోయినంత దూరం పోవాలని. ఇది ఇక్కడ పుట్టిన ప్రతివాడికీ తెలుసు. నేను పదో తరగతిలో బాప్తిస్మం తీసుకున్నప్పుడు నేనూ అంత దూరం నడిచాను, కాళ్లు నొప్పులని అమ్మ దగ్గర ఏడ్చాను కూడా. కానీ వారమంతా నేను ఆలోచించింది మంచుకొండల్లోంచి గదా, పులికాట్ ఎక్కడ గుర్తుంటుంది.

కెమెరాలో చూశాను. నీళ్లు, ఆకాశం, మధ్యలో అయిదారు తెల్ల నువ్వుగింజలు. వాటిలో అవ్వ ఏ గింజో తెలీలేదు. ఫ్లెమింగోలైతే అసలు కనపడనే లేదు. వెనక్కి చూస్తే కరుణ రెండు చేతులూ గుండెల దగ్గర పెట్టుకుని నిలబడి ఉంది. ఇంకేముంది, కాళ్లున్నాయి కదా. దిగాను.

గడ్డమాయన వీడియోలో బురద గురించి చెప్పలేదు. ఒక్కో అడుగుకీ కాలు మోకాలి దాకా దిగిపోతోంది. లాగితే చెప్పు అక్కడే ఉండిపోయింది. రెండోది కూడా దానికి తోడు పోయింది. నీళ్లు తొడల దాకా, నడుము దాకా వచ్చాయి. ఉప్పునీళ్లు ఒక్క చుక్క పడినా కెమెరా పోయినట్టే. మెళ్లోంచి తీసి రెండు చేతులతో నెత్తిమీదికి ఎత్తి పట్టుకున్నాను. చూసి తీసే వీల్లేదు కాబట్టి, బటన్ నొక్కితే వరసగా టకటకా ఫోటోలు పడేట్టు పెట్టాను. ముందు మా పాస్టరు అయ్యగారు ఒక్కొక్కరినీ ముంచుతున్నారు. వరుస తరిగిపోతోంది. అందుకోలేనేమోనని నాకు ఏడుపు ఒక్కటే తక్కువ.

ఎట్టాగో చేరాను. అప్పటికి అవ్వ ముందు ఒక్కడే మిగిలాడు.

"ఒరే సుధా, వచ్చినావా" అంది అవ్వ. "కాళ్లు ఆడటంలా రా. నేను ఇంటికి పోతా."

"లేదవ్వా, ఒక్క నిమిషమే."

"అయితే నన్ను పట్టుకో." పట్టుకునేదానికి నా చేతులు ఖాళీ లేవు. అవ్వే నా భుజం పట్టుకుని నా వెనక దాక్కుంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా అయ్యగారు సరస్సులోకి దిగేముందు కళ్లద్దాలు తీసి గట్టుమీద అమ్మగారికి, అంటే ఆయన భార్యకి, ఇచ్చేస్తారు. వెనక ఒకసారి ఒక జత పులికాట్‌లో పోగొట్టుకున్నారు. అద్దాలు లేకపోతే ఆయనకి మనిషి ఆకారం వరకే తెలుస్తుంది. ముందరివాడిని లేపి పంపించి ఇటు తిరిగారు. ఎదురుగా తెల్లచొక్కా. రెండు చేతులూ ఆకాశం వైపు. బురదలో కదలకుండా నిలబడి ఉన్న మనిషి.

"దేవునికి స్తోత్రం" అన్నారు అయ్యగారు సంతోషంగా. ఒక చెయ్యి నా వీపు వెనక వేశారు, ఇంకోటి గుండెమీద. "ప్రభువును నమ్ముతున్నావా నాయనా?"

ఏమని చెప్పేది. పాస్టర్ గారు అడుగుతుంటే, గట్టుమీద చర్చి మొత్తం చూస్తుంటే, లేదని ఎట్టా అంటాం.

"నమ్ముతున్నా అయ్యగారూ, కానీ నేను..."

కానీ తర్వాతది నీళ్లే విన్నాయి.

దేవుడు క్షమించాలి, కింద నాకు గుర్తొచ్చింది ఆయన కాదు, మస్తానన్న. చేతులు మాత్రం దించలేదు. మునిగినా, ముక్కులోకి నీళ్లు పోయినా, మోచేతులు నిట్టనిలువుగా పెట్టుకున్నాను. బటన్ మీద వేలు బిగుసుకుపోయింది. గట్టుమీంచి చప్పట్లు. చేతులెత్తింది నా భక్తి అనుకున్నారంట.

లేచి దగ్గుతుంటే పక్కన ఒకటే నవ్వు. అవ్వ. పడిపడి నవ్వుతోంది.

"అయ్యగారూ, వాడికి పదో తరగతిలోనే ఇచ్చేసినారు గదా."

అయ్యగారు నా ముఖానికి ముఖం ఆనించినంత దగ్గరికి వచ్చారు. "ఎవరూ, సుధాకరా? మరి చేతులెందుకు ఎత్తినావు?"

"కెమెరా అయ్యగారూ."

ఆయన నా తడిచొక్కా తడిమి, "పోనీలే, పోయినసారి సరిగ్గా తడిసినట్టు లేవు" అన్నారు.

అవ్వ నా భుజం వదిలేసింది. "వీడే లేచినాడు, నేను లేవనా" అని తనంతట తానే ముందుకు నడిచింది. మునిగింది. లేచింది. ఉప్పునీళ్లకి మండుతున్న కళ్లతో నేను బటన్ నొక్కాను.

గట్టుకి వచ్చాక కరుణ అవ్వకి తువ్వాలు కప్పి, "వచ్చిందా?" అంది.

చూశాను. అయ్యగారి తెల్లచొక్కా చెయ్యి, ఫోటో నిండా. ఆ చెయ్యి పక్కన అవ్వ చెవి ఒకటి. అన్నీ అంతే. కాళ్ల కింద మళ్లీ బురద ఉన్నట్టనిపించింది.

"చెవి వచ్చింది" అన్నాను.

అవ్వ అప్పటికే ఇడ్లీ ప్లేటు పట్టుకుని కూచుంది. "నేను మళ్లీ మునగను" అని అక్కణ్నుంచే చెప్పింది. కరుణ నా చేతిలోంచి కెమెరా తీసుకుని ఒక్కొక్కటే వెనక్కి జరుపుతోంది. ఒకచోట ఆగింది. తెరమీదికి వంగిపోయింది. ఏడుస్తోందేమో అనుకున్నా.

"ఇది ఎప్పుడు తీసినావు?"

నన్ను వెనక్కి ముంచినప్పుడు నా చేతులతోపాటు లెన్సు ఆకాశానికి తిరిగింది. నా భుజం పట్టుకున్న అవ్వ పక్కకి జరిగి నా మీదికి వంగి చూసింది. బిస్కెట్ లెన్సు గదా, అంత దగ్గర్నుంచి అంతా పట్టింది. బోసినోరు తెరిచి నవ్వుతున్న అవ్వ, పెద్దవిగా తెరుచుకున్న కళ్లు, వెనక ఆకాశం, చప్పట్లకి బెదిరి ఎగిరిన ఫ్లెమింగోలు.

"అప్పుడు నేను లేను" అన్నాను. నిజమే కదా.

ఆ ఫోటో ఇప్పుడు కరుణ వాళ్ల ముందుగదిలో ఉంది. అంత కిందనుంచి ఎట్టా తీశారని అడిగిన ప్రతివాళ్లకీ కరుణ మొదట్నుంచీ చెబుతుంది. నా దగ్గు కూడా దగ్గి చూపిస్తుంది.

మస్తానన్న కెమెరా అటూ ఇటూ తిప్పి, వాసన చూసి, "నెత్తళ్లా?" అన్నాడు. తడవలేదని నమ్మకం కుదిరాక ఫోటో వైపు చాలాసేపు చూశాడు. "మన స్టూడియోలో ఇంత మంచి ఫోటో ఇంతవరకు రాలేదు రా" అన్నాడు. నా గుండె పొంగిపోయింది.

"ఇప్పుడు తెలిసిందా లైట్‌వెయిట్ సెట్టు అంటే ఏందో? ఒక కెమెరా, ఒక లెన్సు, రెండు చేతులు. ఈసారి నుంచి తలకాయ ఇంట్లోనే పెట్టేసి పో."

ఆలోచిస్తే అన్న చెప్పింది కరెక్టే. అమ్మ తక్కెడలో అన్నీ తూచాను గానీ నా తలకాయ ఒక్కటి తూచలేదు. తూచినా ముల్లు కదిలేది కాదులెండి.