ఒకే ఎత్తుకు రెండు మేకలు

మొన్న ఆదివారం ఆరాధన నుంచి వచ్చి కూర్చున్నాక, పదేళ్ళ మనవరాలు తన ఫోనులో పులిమేక ఆట తెరిచి నా చేతికిచ్చింది. మేకలు నావి, పులులు ఫోనువి. పట్టుమని పది ఎత్తులు కాకముందే తెరమీది పులి నా మేక ఒకదాని మీంచి దూకి, ఆగకుండా అదే ఊపులో రెండోదాని మీంచి కూడా దూకింది. ఇది దొంగాట అన్నాను. "దొంగాట కాదు తాతా, ఈ ఆటే ఇట్లుంటాది, చదువుకో" అంటూ పాప ఆట నియమాలు చూపించింది. దారి దొరికినన్ని మేకలను పులి ఒకే ఎత్తుకు తినవచ్చని అందులో స్పష్టంగా ఉంది. ఒకప్పుడు సరిగ్గా ఇలాంటి దూకుడు దగ్గరే, దొంగాట అన్న ఆ మాటకే, మా మేనమామ మా గడప తొక్కడం మానేశాడు. ఆనాడు కూడా ఆ మాట అన్నది నేనే.

అవి డెబ్బైల చివరి రోజులు. నంద్యాలలో మిషన్ బడి ఉపాధ్యాయుడైన నాయన గవ్వలనూ పాచికలనూ పేకముక్కలనూ ఇంట్లోకి రానిచ్చేవాడు కాడు. అదృష్టంతో పనిలేని ఆట కనుక పులిజూదాన్ని మాత్రం, పేరులోని జూదాన్ని తీసేసి పులిమేక అని పిలుచుకుంటూ, ఒప్పుకున్నాడు. అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడైన మామ ఆళ్ళగడ్డలో రాతిపని చేసేవాడు. ఒక నాపరాయి బండ మీద ఆ ఆట గీతలు ఉలితో చెక్కి, బస్సు టాపు మీద వేయించుకుని తెచ్చి, మా వసారాలో పరిచాడు. ఏటా క్రిస్మస్‌కు ముందురోజే వచ్చేవాడు. నాయనవి చింతగింజల మేకలు, మామవి పెంకుముక్కల పులులు. అమ్మ తన పుట్టింటి మనిషి ముఖం చూసేది ఏడాదికి ఆ రెండు రోజులే, అందుకని వాళ్ళ ఆట ఎంత సాగితే ఆమెకు అంత సంతోషం.

నేను ఆ ఏడే ఒక పత్రికకు వార్తలు రాయడం మొదలుపెట్టాను, నా మాటకు విలువ వచ్చిందని నమ్ముతున్న వయసు. ఆ క్రిస్మస్‌కు నాయన గెలవబోతుండగా మామ పులి ఒకే ఎత్తులో రెండు మేకలను తినేసింది. అంతకుముందు అలాంటి అవకాశం పడలేదో, పడినా మామ వదిలేశాడో, నాకు తెలియదు.

"ఏందిరా చేస్తాండావ్? ఒక ఎత్తుకు ఒక మేకే. యాడుంది ఈ ఆట?" అంటూ నాయన మామ చేయి పట్టుకున్నాడు.

"మా ఇంట్లో ఉంది బావా. మీ నంద్యాల పులులు ఒక్కదానికే ఆయాసపడ్తాయేమో!" మామ నవ్వి నావైపు తిరిగాడు. "అల్లుడా, పేపరోనివి కదా, నువ్వు చెప్పప్పా న్యాయం."

ఏ ఊళ్ళో ఎలా ఆడతారో నేను ఎవరినీ అడిగింది లేదు, చూసిందీ లేదు. అయినా అచ్చయిన వార్తంత ఖాయంగా, ఎక్కడా ఇలా లేదు మామా, ఇది దొంగాట, అనేశాను. మామ నవ్వు ఆగిపోయింది. "దొంగోన్నా నేను?" అని, నన్ను కాదు, పళ్ళెంతో గుమ్మంలో నిలబడిన అమ్మను చూశాడు. అమ్మ ఏమీ అనలేదు. తెల్లవారితే పండగ, అయినా తువ్వాలు భుజాన వేసుకుని బస్టాండుకు వెళ్ళిపోయాడు. అమ్మ ఎన్ని ఉత్తరాలు రాసినా జవాబు రాలేదు. నాయన పోయినప్పుడు వచ్చినవాడు సమాధుల తోట నుంచే తిరిగిపోయాడు.

పాప ఆ నియమం చూపించిన మొన్నటి ఆదివారమే ఆళ్ళగడ్డకు ఫోను చేసి, ఎనభై దాటిన మామతో తప్పు నాదేనని చెప్పాను.

"నీకేం తెలుసులే అల్లుడా, చిన్నోనివి. మీయమ్మకు తెలుసు గదా. నాకు ఆ ఆట నేర్పిందే మీయమ్మ" అన్నాడు.

మనవరాలు అప్పటికే ఇంకో ఆటలో పడింది. ఫోనులో తగాదా వస్తే ఒక్క మీట నొక్కితే కొత్త ఆట మొదలవుతుంది, ఎవరూ ఇల్లు వదిలి వెళ్ళరు. మన కాలంలో ఆట చుట్టూ మనుషులుండేవారు, ఆడేవాళ్ళే కాదు, చూస్తూ నిలబడేవాళ్ళు కూడా. భర్త మాట కింద పడకూడదని అమ్మ ఊరకుందో, కొత్తగా పత్రికలో చేరిన కొడుకును చిన్నబుచ్చలేక ఊరకుందో. ఆమె పోయి ఎనిమిదేళ్ళయింది. ఎందరెందరినో ప్రశ్నలడిగి బతికిన నేను, ఆ సాయంత్రం గురించి ఆమెను ఒక్కసారీ అడగలేదు.